కంచె తీసేసిన ఏడాది

మార్చి 9

ఊరివాళ్లకు చిన్న చిన్న తోటలు అద్దెకిచ్చే మా సంఘంలో పద్నాలుగో నంబరు తోట ఎట్టకేలకు అద్దెకు పోయింది. నా పక్క తోటే. వచ్చినాయన పేరు డాక్టర్ ఆల్బ్రెష్ట్ హార్ట్‌లీబ్. నా మోకాలు చూపించుకోవచ్చని ఆశపడ్డాను. కాదట, తత్వశాస్త్రంలో డాక్టరు. విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పి చెప్పి రిటైరయ్యాడు. ఆ చేతులు ఎన్నడూ పార పట్టినట్టు లేవు.

సంఘం అధ్యక్షురాలిగా నిబంధనల పుస్తకం ఇచ్చి, ముఖ్యమైనవి నోటితో కూడా చెప్పాను. మూడో వంతు నేలలో కూరలో పళ్లో పండాలి. మధ్యాహ్నం వేళ చప్పుడు చేయకూడదు. మొక్కల కంచె మనిషి ఎత్తు దాటకూడదు. తోటలోని చెక్క గదిలో సామాను పెట్టుకోవచ్చు, కాఫీ కాచుకోవచ్చు, కాపురం మాత్రం పెట్టకూడదు.

“ఇవన్నీ మీరే రాశారా, కీస్లిష్ గారూ?”

“మా ముందు తరం వాళ్లు రాశారు. నేను అమలు చేస్తానంతే.”

“అంటే ఇక్కడ రాజ్యం మీరేనన్నమాట.”

పొగడ్తేమో అనుకుని థాంక్స్ చెప్పాను. ట్రామ్‌లో సగం దూరం వచ్చాక గాని అనుమానం రాలేదు.

ఏప్రిల్ 11

హార్ట్‌లీబ్ చిక్కుడు గింజలు నాటాడు. పందిరి వేయలేదు. చిక్కుడు తీగ స్వేచ్ఛగా ఎదుగుతుందని నమ్మకం కాబోలు.

నేను ఎంత పొద్దున వెళ్లినా నాకంటే ముందే అక్కడ ఉంటాడు. పడమటి జర్మనీ వాళ్లకు నిద్ర పట్టదేమో.

మే 4

సంఘం హాల్లో హార్ట్‌లీబ్ ఉపన్యాసం. ఏర్పాటు చేసింది యోర్డిస్ అనే ఆర్కిటెక్టు. ఇరవై రెండో నంబరు తోట, ముందు పెట్టె ఉన్న సైకిలు, ఆ పెట్టెలో ఇద్దరు పిల్లలు. కుర్చీలు చాల్లేదు. నేను పెట్టే వార్షిక సమావేశానికి మనుషులు రావాలంటే ఉచితంగా సాసేజ్‌లు కాల్చి పెట్టాలి. తత్వశాస్త్రానికి ఏమీ పెట్టకపోయినా వచ్చారు.

విషయం ఇదీ. వందేళ్ల కిందట గడ్డం ఉన్న తత్వవేత్త ఒకాయన ఉండేవాడట. అరాచకవాది, కాని బాంబుల రకం కాదు, పుస్తకాల రకం. మ్యూనిక్‌లో విప్లవం ఓడిపోయాక సైనికులు ఆయన్ను జైల్లో కొట్టి చంపారు. పేరు ఇక్కడ రాయను, రాస్తే సంఘంలో సభ్యత్వం ఇచ్చినట్టవుతుంది. గడ్డపాయన అంటే చాలు. గడ్డపాయన లెక్కలో రాజ్యమంటే బెర్లిన్‌లో ఉన్న భవనాలు కావు. మనుషులు ఒకళ్లతో ఒకళ్లు మసలే తీరే రాజ్యం. తీరు మార్చుకుంటే అది దానంతటదే ఊడిపోతుంది. అందుకని విప్లవం దాకా ఆగక్కర్లేదు. ఈ రోజే, పక్కనున్న మనిషితోనే మొదలుపెట్టవచ్చు, ఓ తోటలోనైనా సరే. జనమంతా కిక్కిరిసి ఉండి కూడా ఎవరికి వారు ఒంటరైపోయిన ఈ కాలానికి గడ్డపాయన మళ్లీ అవసరపడ్డాడట.

యోర్డిస్ కళ్లు తుడుచుకుంది. నేను చెయ్యెత్తాను.

“హార్ట్‌లీబ్ గారూ, మీది పడమటి వైపు కదా?”

“అవును, హానోవర్ దగ్గర.”

“మేమిక్కడ తూర్పు జర్మనీలో నలభై ఏళ్లు సముదాయంలోనే బతికాం. మెట్ల కింద ఒక పుస్తకం ఉండేది, ఎవరింటికి ఏ చుట్టం వచ్చాడో అందులో రాయాలి. శనివారాలు అందరం కలిసి మొక్కలు నాటేవాళ్లం. నవ్వుతూ నాటాలి, ఫొటో తీస్తారు కదా. మళ్లీ కావాలంటే చెప్పండి, నాకు పద్ధతంతా గుర్తే.”

హాలంతా ఘొల్లుమంది. ఆయన కూడా నవ్వాడు.

“అది మిమ్మల్ని కలిపి కట్టేయడం, కీస్లిష్ గారూ. కలవడం అది కాదు.”

బాగానే అన్నాడు. కాని హాలు నవ్వింది నా మాటకు.

జూన్ 15

అధ్యక్ష పదవి రద్దయింది.

ఇకనుంచి “వృత్తం” ఉంటుందట. అందరూ గుండ్రంగా కూర్చుంటారు, ఓట్లు ఉండవు, ఏదైనా ఏకాభిప్రాయంతోనే. చిత్రమేమిటంటే ఓట్లు ఉండవన్న తీర్మానాన్ని ఓట్లతోనే నెగ్గించారు. అధ్యక్షుడు లేని సంఘాన్ని చట్టం ఒప్పుకోదు కాబట్టి రిజిస్టరులో అధ్యక్షురాలిగా నా పేరే ఉంటుంది. నిర్ణయాలు వాళ్లవి, సంతకం నాది. దీన్నే స్వేచ్ఛ అంటారు.

చివర్లో యోర్డిస్ వచ్చి కౌగిలించుకుంది. “రోస్వితా, నువ్వు బాధపడకు. ఇది నీ మీద కాదు, పెత్తనం మీద.” నువ్వట. నాకు కూతురుంటే ఆమె కూడా ఈ పిల్లకంటే పెద్దదై ఉండేది.

కోశాధికారి ఎగ్‌బెర్ట్ చోకె ఒక్కడే నా వైపు చెయ్యెత్తాడు. బయటికొచ్చాక ఉమ్మేసి అన్నాడు: “చూస్తూ ఉండు రోస్వితా. చలికాలానికల్లా ఆ గడ్డాన్ని వీళ్లే గొరిగేస్తారు.”

జూన్ 16

నాకేం బాధ లేదు.

జూన్ 17

నిజంగానే లేదు.

జూలై 8

మరుగుదొడ్డి ఎవరు కడగాలన్న దానిమీద ఏకాభిప్రాయం ఇంకా కుదరలేదు. మూడు సమావేశాలయ్యాయి. “కడగడమనే పనిని మనం ఎలా చూస్తున్నాం” అన్నదాకా వచ్చారు. నేను వెళ్లి కడిగేశాను. వృత్తానికి ముక్కు లేదు, నాకుంది.

జూలై 20

ఈరోజు వృత్తంలో కొత్త ఆలోచన. తోటల మధ్య కంచెలు తీసేయాలట. మొక్క మొక్కకూ మధ్య గోడలేమిటని ఎవరో అన్నారు. మొక్కలకు గోడలు లేవు, ఉన్నవి మొక్కలతో చేసిన కంచెలే అన్నాను. ఎవరూ వినలేదు. అప్పుడు గూళ్ల సంగతి ఎత్తాను. అక్టోబరు దాకా కంచె నరికితే పక్షుల చట్టం ఒప్పుకోదు.

హార్ట్‌లీబ్ తటాలున లేచాడు. “కీస్లిష్ గారు సరిగ్గా చెప్పారు. తొందరెందుకు? కంచె కూడా ఒక… ఒక జీవే కదా.” గడ్డపాయన శిష్యుడు కంచెను వెనకేసుకొచ్చాడు! యోర్డిస్ నోరు తెరిచింది. నా నోరు కూడా తెరుచుకుంది గాని ముందు మూసేసింది నేనే.

చివరికి అక్టోబరులో తీసేయాలని ఏకాభిప్రాయం. అందరూ సరేనన్న గుర్తుగా చేతులు ఊపారు. హార్ట్‌లీబ్ చెయ్యి అందరికంటే ఆలస్యంగా ఊగింది.

ఆగస్టు 23

చిక్కుళ్లు నేల మీద పాకుతున్నాయి. నా దగ్గర అడ్డంగా పడున్న కర్రలు నాలుగు కంచె మీదుగా ఆయన వైపు వేశాను. చోటు ఖాళీ చేసుకోవాలి కదా.

అక్టోబరు 4

కంచెలు పోయాయి. కరెంటు రంపాలతో పొద్దుటినుంచీ పని. మధ్యాహ్నం చప్పుడు చేయకూడదన్న నిబంధన కూడా కంచెతో పాటే పోయింది.

నాకూ హార్ట్‌లీబ్‌కూ మధ్య ఇప్పుడు మొండి కాండాల వరస ఒకటే ఉంది. నా వంట గదిలోనే కూర్చున్నట్టు ఆయన కనిపిస్తున్నాడు. నేనూ ఆయనకు అలాగే కనిపిస్తున్నానని తోచి, వంగి కలుపు తీయడం మానేశాను. కూర్చుని తీస్తున్నాను.

అక్టోబరు 9

పొద్దున ఏడింటికి గడ్డం గీసుకుంటున్నాడు. చిన్న అద్దం చెక్క గది తలుపుకు తగిలించాడు.

అక్టోబరు 13

తాడు మీద చొక్కాలు. ఇస్త్రీ లేదు.

అక్టోబరు 17

చెక్క గది పొగ గొట్టంలోంచి పొగ. వానలో, చలిలో, తోటలో ఒక్క పనీ లేని రోజున.

ఓహో.

అక్టోబరు 18

కంచె తీయమన్నది వాళ్లు. చూసింది నేను.

నిబంధన స్పష్టంగా ఉంది: కాపురం పెట్టకూడదు. పెడితే తోట ఖాళీ చేయాలి. మేం ఊరుకుంటే, తోటల సంఘాలన్నిటి పైనా ఉన్న నగర సమాఖ్య మొత్తం సంఘం మీదకే వస్తుంది. సముదాయం సముదాయం అని ఊరంతా ఊదరగొట్టిన మనిషి నా చేతికి ఇలా చిక్కాడు. ఇది నేను కోరుకున్నది కాదు. కాని కోరుకోని వరాలు కూడా వస్తుంటాయి.

తొందర లేదు.

అక్టోబరు 30

చలికాలానికి తోటలకు నీళ్లు ఆపేశాను. గొట్టాలు పగలకుండా ప్రతి ఏటా చేసే పనే. వృత్తంలో ఎవరికీ మెయిన్ వాల్వు తిప్పడం తెలియదు, తాళం నా దగ్గరే ఉంది. తిప్పుతుంటే హార్ట్‌లీబ్ దూరంగా నిలబడి చూస్తున్నాడు.

“ఇక వసంతం దాకా రాదా?”

“రాదు.”

“మంచిది, మంచిది.” మంచిదని రెండుసార్లు అన్నాడు.

నవంబరు 2

ఎగ్‌బెర్ట్ కాఫీకొచ్చాడు. ప్లమ్ కేకు తింటూ, వృత్తాన్ని తిడుతూ, ఇంకేం విశేషాలన్నాడు. మాటవరసకు చెప్పాను, పద్నాలుగులో పొగ వస్తోందని.

ఫోర్కు కింద పెట్టేశాడు. “కాపురమా! ఒక్క ఫోన్ చాలు రోస్వితా, మనిషీ పోతాడు, వృత్తమూ పోతుంది.”

“ఊరికే అన్నాను. ఏమీ చేయకు.”

“నేనేం చేస్తాను?” అని ఇంకో ముక్క కేకు వడ్డించుకున్నాడు.

నవంబరు 6

మంచు పడింది. కుళాయి గడ్డ కట్టిందేమో చూద్దామని తోటకు వెళ్లాను. ఇంట్లోంచి రెండు క్యాన్ల నీళ్లు పట్టుకెళ్లాను, దేనికో గుర్తులేదు. ట్రామ్‌లో మోయడం కష్టమే. తిరిగి మోయలేక పద్నాలుగు గుమ్మం దగ్గర దించేసి వచ్చాను.

నవంబరు 9

క్యాన్లు కడిగి, నా గుమ్మం దగ్గర పెట్టాడు. పైన ఆపిల్ ఒకటి. పురుగు పట్టింది. తిన్నాను, పురుగు లేని వైపు.

నవంబరు 12

బంగాళాదుంప సూప్ ఎక్కువైంది. ఒక్కదానికి వండుకోవడం ఇన్నేళ్లయినా అలవాటు కాలేదు. 1989 ఎండాకాలం మా ఆయన లోటార్ సెలవులకని హంగరీ వెళ్లాడు. అక్కడ సరిహద్దు తెరిచారు, ఆయన అటునుంచి అటే పడమటికి వెళ్లిపోయాడు. అప్పటినుంచీ గిన్నె మాత్రం అదే. పారబోయడం ఇష్టం లేక తోటకు తీసుకెళ్లి తలుపు కొట్టాను.

లోపల మంచం పట్టేంత చోటు. గోడలకు పుస్తకాలు చలికి కోటు వేసినట్టు పేర్చి ఉన్నాయి. ఆయన కోటు మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు. నన్ను చూడగానే మొహం పాలిపోయింది.

“తనిఖీయా?”

“సూపు.”

తిన్నాడు. గిన్నె గీకిన చప్పుడు వినడానికి బాగాలేదు. తర్వాత తనే చెప్పాడు. ఉన్న బిల్డింగు ఎవరో కొన్నారు, బాగు చేశారు, అద్దె రెట్టింపయింది. ఉద్యోగం ఎప్పుడూ రెండేళ్ల కాంట్రాక్టే, అయిపోతే ఇంకో ఊరు, ఇంకో కాంట్రాక్టు. దాంతో పెన్షన్ అనేది ఉందంటే ఉంది.

“మీ శిష్యులున్నారు కదా. వాళ్లకు చెప్పొచ్చుగా?”

“ఏమని? సముదాయం మీద ఉపన్యాసం అయ్యాక, సందేహాలుంటే అడగండి, మీ ఇంట్లో గదుంటే ఇవ్వండి అనా?”

“గడ్డపాయన అడిగేవాడేమో.”

నవ్వాడు. దగ్గొచ్చింది. దగ్గు బాగాలేదు.

“ఆయనా అడిగేవాడు కాదు, కీస్లిష్ గారూ. మనం ఇవ్వడం మీదే పుస్తకాలు రాస్తాం. అడగడం మీద ఎవరూ రాయలేదు.”

ఇంటికొచ్చాక సూప్ గిన్నె చాలాసేపు కడిగాను.

నవంబరు 18

నగర సమాఖ్యనుంచి ఫోన్. తోటలో ఎవరో కాపురముంటున్నారని కబురు అందిందట. పేరు చెప్పని మనిషి ఫోన్ చేశాడట. వచ్చే సోమవారం తనిఖీ.

నేనెవరికీ ఫోన్ చేయలేదు.

నవంబరు 19

నేను ఎగ్‌బెర్ట్‌తో మాటవరసకు అన్నాను. మాటవరస వేరు, కబురందించడం వేరు. పాత రోజుల్లో పక్కింటి సంగతులు రహస్య పోలీసులకు మోసిన వాళ్లందరూ సరిగ్గా ఇదే మాట అనేవాళ్లు.

నేనెవరికీ ఫోన్ చేయలేదు.

నవంబరు 20

వృత్తం అత్యవసరంగా కూర్చుంది. తనిఖీ సంగతి నేనే చెప్పాను, ఎవరి గురించో చెప్పలేదు. హార్ట్‌లీబ్ లేచి నిలబడ్డాడు.

“నా గురించే. మార్చినుంచీ అక్కడే ఉంటున్నాను.”

అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. ఇళ్ల సమస్య ఎంత ఘోరంగా ఉందో. రాజ్యం ఎంత విఫలమైందో. పెట్టుబడి ఎంత క్రూరమైందో. ఒక్కరు కూడా ఆయన్ను తప్పు పట్టలేదు. ఒక్కరు కూడా ఆయన వైపు చూడలేదు.

నేనే అడిగాను. “సోమవారం లోపల ఆయన ఎక్కడికి వెళ్లాలి?”

యోర్డిస్ మొహం ఎర్రబడింది. “మా ఫ్లాట్ పెద్దదే, కాని ఒక గది నా ఆఫీసు, ఇంకోటి… చూడు రోస్వితా, పిల్లలకు దినచర్య ముఖ్యం. అలా అని నేను వ్యతిరేకం కాదు.” వరస పెట్టి అందరూ వ్యతిరేకం కాదన్నారు. ఒకళ్లకు పిల్లి వెంట్రుకలు, ఒకళ్లకు అత్తగారు, ఒకళ్లది కొత్త సోఫా. చివరికి ఏకాభిప్రాయం కుదిరింది, ఈ ఏడాది అన్నిటికంటే తొందరగా. నివాస సమస్య మీద ఉపసంఘం వేశారు. మొదటి సమావేశం జనవరిలో.

బయట హార్ట్‌లీబ్ సైకిలు తాళం తీస్తున్నాడు. తీయడానికి చాలాసేపు పట్టింది.

“వాళ్లమీద కోపం లేదు,” అన్నాడు. “వాళ్లు మంచివాళ్లు.”

“తెలుసు. అందుకే కుదరదని చెప్పడానికి ఇంత సమయం పట్టింది.”

నవంబరు 24

తనిఖీకి ఒకాయన వచ్చాడు. యువకుడు, మెడ చుట్టూ మఫ్లరు, చేతిలో టాబ్లెట్. రిజిస్టరులో నా పేరే ఉంది కాబట్టి నా దగ్గరికే వచ్చాడు. పద్నాలుగులోకి తీసుకెళ్లాను. హార్ట్‌లీబ్ మంచం అంచున కూర్చున్నాడు, స్టేషన్‌లో రైలు కోసం చూసేవాడిలా.

“ఇక్కడ పడుకుంటున్నారా?” అని ఆ అబ్బాయి అడిగాడు.

హార్ట్‌లీబ్ నోరు తెరిచాడు. ఈ మనిషి అబద్ధం ఆడలేడని నాకప్పుడే అర్థమైంది. అబద్ధం కూడా ఒక పని, ఆయనకు ఏ పనీ రాదు.

“పడుకోడు,” అన్నాను. “ఉండేది మా ఇంట్లో. ట్రామ్ దిగిన చోటే. పొద్దున ఇక్కడికి తోలేస్తాను.”

“తోలేస్తారా?”

“పైపు తాగుతాడు. ఆ పొగ మా కర్టెన్లకు పడదు.”

“మంచం ఎందుకు మరి?”

“మధ్యాహ్నం కునుకు. మా సంఘంలో ఆ వేళ చప్పుడు చేయకూడదని నిబంధన ఉంది. చదువుతారా?”

వద్దన్నాడు. “మీ ఇంటి చిరునామాలో నమోదయ్యారా?”

“వచ్చే వారం అవుతాడు. బద్ధకస్తుడు.”

ఏదో నొక్కాడు, సెలవన్నాడు. గేటు దాకా సాగనంపి వచ్చాను. హార్ట్‌లీబ్ అలాగే కూర్చుని ఉన్నాడు.

“నేను పైపు తాగను,” అన్నాడు.

“ఇకముందు కూడా తాగొద్దు.”

నవంబరు 26

ఎవరైనా మళ్లీ వచ్చి చూస్తే? అబద్ధాన్ని అలా సగంలో వదిలేయడం నా పద్ధతి కాదు. అందుకే హార్ట్‌లీబ్ నా ఇంట్లో ఉన్నాడు. కారణం అదొక్కటే.

వెనక గదిలో ఏళ్లుగా నా డాలియా దుంపలు చలికాలం గడుపుతాయి. దుంపలకు వెచ్చదనం పనికిరాదు, తత్వవేత్తకు వెచ్చదనం లేకపోతే దగ్గు. దుంపల్ని మెట్ల కిందకు మార్చాను. ఇన్ని పుస్తకాలు మోసుకొచ్చేసరికి మోకాలు పోయింది. నాకు కావలసిన డాక్టరు ఇంకా దొరకలేదు.

ఫ్రిజ్ తలుపు మీద ఇంటి నిబంధనలు అంటించాను. ఆయన చదివి, “ఇంత వివరంగా నా కోసం ఎవరూ ఏదీ రాయలేదు,” అన్నాడు. వెక్కిరింపో కాదో తేలలేదు.

డిసెంబరు 2

పౌర కార్యాలయంలో చిరునామా నమోదు. కౌంటరు దగ్గర అమ్మాయి మమ్మల్ని మార్చి మార్చి చూసింది. “మీ ఇద్దరూ ఒకళ్లకొకళ్లు ఏమవుతారు? నమోదుకు అక్కర్లేదు, ఊరికే అడిగాను.”

హార్ట్‌లీబ్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ పీల్చడం నాకు తెలుసు, ఉపన్యాసానికి ముందు పీల్చేది.

“పక్క తోట,” అన్నాను.

డిసెంబరు 7

ఎగ్‌బెర్ట్ వచ్చాడు. హార్ట్‌లీబ్ బజారుకు వెళ్లాడు, అదృష్టం. కోటు కూడా విప్పలేదు.

“సంఘమంతా నవ్వుతోంది రోస్వితా! ఈ వయసులో నీకిదేం పోయేకాలం? నిబంధన నిబంధన అని మా అందరి ప్రాణం తీసి, ఆయన కోసం అధికారి మొహాన అబద్ధమాడావట!”

“ఫోన్ చేసింది నువ్వే కదా?”

“చేశాను! నీ కోసమే చేశాను. నువ్వే కదా చెప్పింది?”

“నేను చెప్పింది వేరు.”

“ఏం వేరు? చెప్పు, ఏం వేరు?”

వేరేనని నాకు తెలుసు. కేకు తింటావా అన్నాను. వద్దని తలుపు వేసుకుని వెళ్లిపోయాడు. ఎగ్‌బెర్ట్ కేకు వద్దనడం ఇదే మొదలు.

డిసెంబరు 8

యోర్డిస్ తలుపు కొట్టింది. చేతిలో ఇంట్లో చేసిన జామ్ సీసా, కళ్లు కింద. “నేను చేయలేకపోయాను, రోస్వితా… కీస్లిష్ గారూ.” జామ్ తీసుకున్నాను. మరీ తియ్యగా ఉంది. ఇద్దరం తింటున్నాం.

డిసెంబరు 14

హార్ట్‌లీబ్ సింకులో గిన్నెలు వదిలేశాడు. నిబంధన నాలుగు. పిలిచి చూపించాను. కడిగాడు. కడుగుతూ ఏదో పాడాడు, అది ఏ నిబంధనలోనూ లేదు కాబట్టి ఊరుకున్నాను. జనవరిలో మళ్లీ ఉపన్యాసమట, గడ్డపాయన మీదే. ఈసారి ఏం చెప్పాలో తెలియడం లేదన్నాడు. చెప్పేది తగ్గించమన్నాను.

భోజనానికి కూర్చున్నాం. బంగాళాదుంప సూపే. గిన్నె ఇప్పుడు ఖాళీ అవుతోంది.

“ఒకటి చెబుతాను, ఏమీ అనుకోకండి,” అన్నాడు. “సమాఖ్యకు ఎవరు ఫోన్ చేశారో అని నేను చాలా ఆలోచించాను. కంచె తీసేశాక నా పొగ కనిపించేది ఒక్క మీ తోటలోంచే.”

చెంచా నా చేతిలోనే ఉంది.

“ఆ తర్వాత నీళ్ల క్యాన్లు గుర్తొచ్చాయి. అక్కడితో ఆలోచించడం మానేశాను. నాకు తెలుసుకోవాలని లేదు, కీస్లిష్ గారూ.”

ఆయనకు తెలుసుకోవాలని లేదు. నాకు చెప్పాలని లేదు. ఇద్దరం ఒకేసారి అన్నాం, సూప్ చల్లారిపోతోందని.